ఓటీటీ వీడియోను ఇంట్లో రికార్డు చేయాలా, యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలా: చట్టం, డేటా లెక్క

నెలకు ఇంత డేటా అని పరిమితి ఉన్న కనెక్షన్ వాడేవారికి, ప్రయాణాల్లో సిగ్నల్ అందనివారికి, పిల్లలు ఒకే కార్టూన్ సినిమాను పదేపదే చూసే ఇళ్లవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. చందా కట్టి చూస్తున్న కార్యక్రమాన్ని ఒకసారి రికార్డు చేసి దాచుకుంటే తప్పేమైనా ఉందా, అలా చేస్తే డేటా ఎంత మిగులుతుంది? వినడానికి ఒకటే ప్రశ్నగా ఉన్నా ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. రికార్డింగ్ పెడితే డేటా రెట్టింపు ఖర్చవుతుందని భయపడేవారు డేటా ప్రశ్నలో పొరబడుతున్నారు. డబ్బు కట్టాను గనుక ఏం చేసుకున్నా నా ఇష్టమే అనుకునేవారు తప్పొప్పుల ప్రశ్నలో పొరబడుతున్నారు.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. డేటా మిగుల్చుకోవడమే మీ ఉద్దేశమైతే రికార్డింగ్ అవసరం దాదాపు ఎవరికీ రాదు. యాప్‌లో ఉన్న డౌన్‌లోడ్ బటన్, నాణ్యతను మార్చే సెట్టింగు ఆ పనిని చాలావరకు చేసిపెడతాయి. శాశ్వతంగా దాచుకోవడమే ఉద్దేశమైతే ఓటీటీ రికార్డింగ్ అందుకు తగిన మార్గం కాదు, దానికి వేరే మార్గాలున్నాయి. అలా ఎందుకు అంటున్నానో ముందు లెక్కతో, తరువాత చట్టంతో వివరిస్తాను.

డేటా ఎంత ఖర్చవుతుంది

రికార్డు చేయడానికి అయ్యే డేటా, చూడడానికి అయ్యే డేటా ఒక్కటే. స్క్రీన్ రికార్డర్ గానీ, టీవీకి వెళ్లే తీగ మధ్యలో పెట్టే క్యాప్చర్ కార్డు గానీ ఇంటర్నెట్ నుంచి విడిగా ఏమీ తెచ్చుకోవు. అప్పటికే తెర మీదికి వచ్చిన బొమ్మను మళ్లీ కుదించి డిస్కులో రాయడమే వాటి పని. కాబట్టి ఒకే ఒక్కసారి చూసే కార్యక్రమాన్ని రికార్డు చేస్తే ఒక్క ఎంబీ కూడా మిగలదు. మిగులు రెండోసారి చూసినప్పుడే మొదలవుతుంది. మీరు రికార్డు చేయదలచిన కార్యక్రమాల్లో నిజంగా రెండోసారి చూసేవి ఎన్ని ఉంటాయో ఒకసారి నిజాయతీగా లెక్కేసుకోండి. చాలా ఇళ్లలో ఆ జాబితా పిల్లల సినిమాలు, పాఠాలు, పాటల కచేరీల దగ్గరే ఆగిపోతుంది.

ఎంత డేటా అన్నది తెలుసుకోవడానికి ఒకే ఒక్క అంకె గుర్తుంటే చాలు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వచ్చే వీడియో గంటకు 450 మెగాబైట్లు తింటుంది. గంటకు 3,600 సెకన్లు, బైటుకు 8 బిట్లు. 3,600ను 8తో భాగిస్తే వచ్చేది 450. ఇంటర్నెట్ వేగాన్ని బిట్లలోనూ డేటా పరిమితిని బైట్లలోనూ చెప్పడం వల్లే ఈ విషయంలో ఎక్కువమంది తికమక పడతారు. ఈ లెక్కన 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్ల) వేగంతో వచ్చే ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు 2.25 జీబీ, 15 ఎంబీపీఎస్‌తో వచ్చే 4కే వీడియో గంటకు 6.75 జీబీ అవుతాయి. నెట్‌ఫ్లిక్స్ తన చందాదారులకు ఇచ్చే అంకెలు కూడా దీనికి దగ్గరగానే ఉంటాయి. తక్కువ డేటా సెట్టింగులో గంటకు 0.3 జీబీ వరకు, మధ్యస్థంలో 0.7 జీబీ వరకు, ఎక్కువ అన్న సెట్టింగులో హెచ్‌డీకి 3 జీబీ వరకు, అల్ట్రా హెచ్‌డీకి 7 జీబీ వరకు ఖర్చవుతుందని ఆ సంస్థ చెబుతుంది.

ఇప్పుడు పిల్లల సినిమా సంగతి చూద్దాం. నిడివి గంటన్నర అనుకుందాం. సెలవుల్లో దాన్ని ఆరుసార్లు చూశారు. హెచ్‌డీలో ఒక్కో విడతకు 4.5 జీబీ చొప్పున ఆరుసార్లకు 27 జీబీ అవుతుంది. ఒకసారి దాచుకుని మిగతా ఐదుసార్లు ఆ ఫైలునే చూస్తే ఖర్చు 4.5 జీబీతో ఆగిపోతుంది, 22.5 జీబీ మిగులుతుంది. అయితే అదే సినిమాను ఏమీ దాచుకోకుండా, మధ్యస్థం అన్న సెట్టింగులో ఆరుసార్లూ నేరుగా స్ట్రీమ్ చేస్తే మొత్తం 6.3 జీబీ మాత్రమే ఖర్చవుతుంది. అంటే సెట్టింగు ఒక్కటి మార్చడం వల్లే 20.7 జీబీ మిగిలింది. రికార్డింగ్‌తో మిగిలేదానికీ దీనికీ తేడా రెండు జీబీ కూడా లేదు. ఫోను తెర మీదో చిన్న టీవీ మీదో చూసే పిల్లలకు ఆ నాణ్యతలో లోటు పెద్దగా తెలియదు. డేటా గురించి ఆందోళన పడేవారికి నేను మొట్టమొదట ఈ లెక్కే చూపిస్తాను, ఎందుకంటే ఇందులో ఏ చట్టంతోనూ పేచీ లేదు.

వరుసగా చూసే సిరీస్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ముప్పావు గంట నిడివి గల పది ఎపిసోడ్లు ఏడున్నర గంటలవుతాయి. హెచ్‌డీలో 22.5 జీబీ, మధ్యస్థంలో 5.25 జీబీ. ఒకసారే చూస్తారు గనుక దీన్ని రికార్డు చేసినా లాభం శూన్యం.

రికార్డింగ్‌లో పైకి కనిపించని మరో ఖర్చు డిస్కు స్థలం. సెకనుకు 5 మెగాబిట్లతో వచ్చిన వీడియోను రికార్డర్‌లో 20 మెగాబిట్ల సెట్టింగు పెట్టి దాచితే గంటకు 9 జీబీ ఫైలు తయారవుతుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చింది 2.25 జీబీయే కాబట్టి మిగతా 6.75 జీబీ వల్ల బొమ్మలో అదనంగా చేరే స్పష్టత ఏమీ లేదు. అలాగని సెట్టింగును మరీ తగ్గిస్తే, ఒకసారి కుదించిన వీడియోను రెండోసారి కుదించినట్లవుతుంది గనుక చీకటి దృశ్యాల్లో, పొగమంచులో, నీటి అలల్లో చదరాలు చదరాలుగా మచ్చలు తేలతాయి. యాప్ డౌన్‌లోడ్‌లో ఈ బాధ ఉండదు, సంస్థ కుదించిన ఫైలే నేరుగా మీ పరికరంలోకి వస్తుంది.

దీనికన్నా చిరాకు కలిగించే విషయం ఇంకొకటి ఉంది. స్ట్రీమింగ్ యాప్‌లు కనెక్షన్ వేగాన్ని బట్టి నాణ్యతను క్షణక్షణం మారుస్తుంటాయి. సాయంత్రం అందరూ నెట్ వాడే వేళ వేగం పడిపోతే రెండు మూడు నిమిషాలపాటు బొమ్మ మసకబారి, మళ్లీ తేరుకుంటుంది. నేరుగా చూస్తున్నప్పుడు దాన్ని పట్టించుకోము. రికార్డింగ్‌లో మాత్రం ఆ మసక శాశ్వతంగా ఉండిపోతుంది, ఎన్నిసార్లు చూసినా అదే చోట అలాగే వస్తుంది. పైగా రెండు గంటల సినిమాను రికార్డు చేయడానికి కచ్చితంగా రెండు గంటలూ పడుతుంది. అంతసేపూ కంప్యూటర్‌ను వేరే పనికి వాడకూడదు; మధ్యలో వచ్చిన నోటిఫికేషన్ శబ్దం కూడా ఫైల్లో చేరిపోతుంది; వరుస ఎపిసోడ్లు పెట్టి నిద్రపోతే, ఇంకా చూస్తున్నారా అని యాప్ అడిగిన ప్రశ్న దగ్గరే తెల్లవారే వరకు రికార్డింగ్ సాగుతుంది. డౌన్‌లోడ్ అయితే వేగం తగ్గినప్పుడు కాసేపు ఆలస్యమవుతుందే తప్ప ఎంచుకున్న నాణ్యత మారదు.

చట్టం ఎక్కడ గీత గీస్తుంది

ఇంట్లో రికార్డింగ్ తప్పు కాదన్న నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. 1984లో అమెరికా సుప్రీంకోర్టు సోనీ తయారుచేసిన బీటామాక్స్ అనే ఇంటి వీడియో రికార్డర్ మీద ఆ సంస్థకూ యూనివర్సల్ స్టూడియోకూ మధ్య నడిచిన కేసులో 5-4 మెజారిటీతో తీర్పునిచ్చింది. ఉచితంగా ప్రసారమయ్యే టీవీ కార్యక్రమాన్ని తరువాత తీరిక వేళలో చూడడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వినియోగమేనని ఆ తీర్పు సారాంశం. వీసీఆర్ తరం మొత్తం ఆ తీర్పు నీడలోనే పెరిగింది. కానీ ఆ తీర్పు మాట్లాడింది అందరికీ తెరిచి ఉన్న ప్రసారం గురించి, తరువాత ఒకసారి చూడడం గురించి. ఓటీటీ విషయంలో అప్పట్లో లేని రెండు అంశాలు వచ్చి చేరాయి. ఒకటి వీడియోకు వేసిన డిజిటల్ తాళం, అంటే డీఆర్‌ఎం. రెండోది చందా తీసుకునేటప్పుడు మీరు అంగీకరించిన నిబంధనల పత్రం. అందువల్ల, కాపీ చేసుకునే హక్కు నాకుందా అన్నది ఒక్కటే అడిగితే సరిపోదు. తాళం తీశానా, ఇచ్చిన మాట తప్పానా అన్నవి కూడా అడగాలి.

తాళం సంగతి చూద్దాం. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం, కాపీ చేయడం తప్పా ఒప్పా అన్న ప్రశ్నతో సంబంధం లేకుండా, రక్షణ తాళాన్ని ఛేదించడాన్నే విడిగా నిషేధించింది. ఈ నిషేధానికి మూడేళ్లకోసారి మినహాయింపులు ప్రకటిస్తారు. సొంతంగా కొనుక్కున్న సినిమాను ఒక పరికరం నుంచి మరో పరికరానికి మార్చుకునేందుకు మినహాయింపు ఇవ్వాలని వినియోగదారుల తరఫున వచ్చిన అభ్యర్థనలను తిరస్కరిస్తూనే వచ్చారు. కెనడా 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరిస్తూ, కార్యక్రమాన్ని తరువాత చూసుకోవడానికి రికార్డు చేసుకునే హక్కును వినియోగదారుడికి స్పష్టంగా రాసిచ్చింది. అయితే తాళం ఛేదించకూడదనీ, ఒకే కాపీ ఉండాలనీ, చూడడానికి అవసరమైనంత కాలానికి మించి ఉంచుకోకూడదనీ, ఎవరికీ ఇవ్వకూడదనీ షరతులు పెట్టింది. అంతేకాదు, కోరినప్పుడు కోరిన కార్యక్రమం చూపించే సేవల నుంచి వచ్చిన వాటికి ఈ హక్కు వర్తించదని కూడా అక్కడే రాసింది. ఓటీటీలో మనం చూసేవాటిలో ఎక్కువ భాగం అలాంటివే కదా.

బ్రిటన్‌లోనూ ఇదే తీరు. 1988 నాటి చట్టంలోని 70వ సెక్షన్ ప్రసారాన్ని వీలైన వేళలో చూసేందుకు ఇంట్లో రికార్డు చేసుకోవడాన్ని అనుమతిస్తుంది. కానీ ప్రసారం అన్న మాటకు ఆ చట్టమే ఇచ్చిన నిర్వచనంలో ఇంటర్నెట్ ద్వారా వచ్చేవి చాలావరకు చేరవు. టీవీ ప్రసారంతో పాటే ఏకకాలంలో వచ్చేవి, ప్రత్యక్ష ప్రసారాలు, నిర్ణీత సమయాలకు నడిచే ఛానెళ్లు మాత్రమే చేరతాయి. కొనుక్కున్న వాటికి సొంత కాపీ చేసుకోవచ్చంటూ 2014 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం మరో మినహాయింపు తెచ్చింది. మరుసటి ఏడాది జూలైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఐరోపా సమాఖ్య మార్గం కొంత భిన్నమైనది. 2001 నాటి కాపీరైట్ ఆదేశం ప్రకారం సభ్యదేశాలు సొంత వాడకానికి కాపీ చేసుకునే హక్కును ఇవ్వవచ్చు, అందుకు బదులుగా సృష్టికర్తలకు న్యాయమైన పరిహారం అందాలి. జర్మనీ వంటి దేశాల్లో కాపీ చేయడానికి పనికొచ్చే పరికరాల మీద, మెమరీ కార్డుల మీద ఆ పరిహారాన్ని ధరలోనే కలిపి వసూలు చేస్తారు. అంత ఉదారంగా ఉన్న చోట కూడా తాళం జోలికి మాత్రం వెళ్లనివ్వరు. జర్మనీలో కేవలం సొంత వాడకానికి తాళం తీసినవారికి క్రిమినల్ శిక్ష లేకపోయినా, ఆ పని చట్టవిరుద్ధమే. దొంగ సైట్ల నుంచి చేసుకున్న కాపీకి ఈ హక్కు వర్తించదని 2014లో ఐరోపా న్యాయస్థానం తేల్చిచెప్పింది.

భారత చట్టం ఈ వరుసలో కొంత సూక్ష్మమైనది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, పరిశోధనతో సహా వ్యక్తిగత వాడకానికి చేసే న్యాయమైన వ్యవహారాన్ని ఉల్లంఘనగా చూడదు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ తాళం ఛేదించడాన్ని నేరం చేసి, రెండేళ్ల వరకు జైలుశిక్షను, జరిమానాను విధించవచ్చని చెప్పింది. అయితే హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో తాళం తీసినప్పుడే ఆ సెక్షన్ వర్తిస్తుంది, చట్టం స్పష్టంగా నిషేధించని పనులకు అందులోనే మినహాయింపు కూడా ఉంది. కాగితం మీద ఇది అమెరికా చట్టం కన్నా వినియోగదారుడికి అనుకూలంగానే కనిపిస్తుంది. కానీ న్యాయమైన వ్యవహారం అన్నది సందర్భాన్ని బట్టి కోర్టు తూచే విషయం. ఒక సినిమాను మొత్తంగా, శాశ్వతంగా దాచుకోవడం ఆ మాట కిందికి వస్తుందని ముందే ధీమాగా అనుకోవడం మంచిది కాదు.

ఇక నిబంధనల పత్రం. దాదాపు ప్రతి ఓటీటీ సంస్థా తమ వీడియోలను రికార్డు చేయడం, కాపీ తీయడం కుదరదని అందులో రాస్తుంది. తాను స్పష్టంగా అనుమతించిన చోట తప్ప డౌన్‌లోడ్ చేయకూడదని యూట్యూబ్ నిబంధనలు చెబుతాయి. దీన్ని తప్పితే అది సాధారణంగా నేరం కాదు, ఒప్పంద ఉల్లంఘన అవుతుంది, పర్యవసానం ఖాతా మూసివేత. తేలికగా తీసుకునేవారు ఒక్క విషయం ఆలోచించాలి: కొన్ని సేవల్లో అదే ఖాతాకు ఈమెయిల్, ఫొటోలు, కొనుక్కున్న సినిమాలు అన్నీ ముడిపడి ఉంటాయి.

పంచుకోవడం గురించి ఒక్క మాట. తన కోసం చేసుకున్న కాపీ మీద చట్టం కళ్లు మూసుకునే దేశాల్లో సైతం, ఆ ఫైలును బంధువుల గ్రూపులో పెట్టిన క్షణం నుంచి అది వ్యక్తిగత వాడకం కాకుండా పంపిణీ అవుతుంది. కేసులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ఎంపికలను పక్కపక్కన పెట్టి చూస్తే

యాప్ డౌన్‌లోడ్ చట్టపరంగా ఏ చిక్కూ లేనిది. ఒకసారి దించుకుంటే మళ్లీ మళ్లీ చూడడానికి డేటా ఖర్చు కాదు. వైఫై ఉన్నప్పుడు మాత్రమే దించుకునేలా సెట్టింగు పెట్టుకోవచ్చు. దాని లోపమల్లా గడువు. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్ని వీడియోలు వారంలో, కొన్ని చూడడం మొదలుపెట్టిన 48 గంటల్లో ముగిసిపోతాయి. ప్రైమ్ వీడియోలో మొదలుపెట్టడానికి సాధారణంగా 30 రోజుల గడువు, మొదలుపెట్టాక 48 గంటలు. యూట్యూబ్ ప్రీమియంలో దించుకున్నవి నిలవాలంటే పరికరం నెలకు ఒకసారైనా ఇంటర్నెట్‌కు తగలాలి. చందా ఆగినా, ఆ సినిమా ఆ వేదిక నుంచి వెళ్లిపోయినా ఫైలు తెరుచుకోదు. ల్యాప్‌టాప్ మీద ఆధారపడేవారు మరో విషయం గమనించాలి. విండోస్ యాప్‌లో డౌన్‌లోడ్ సదుపాయాన్ని నెట్‌ఫ్లిక్స్ 2024లో తీసేసింది, కాబట్టి దాని వరకు ఫోనో ట్యాబ్లెటో కావాలి. ఇన్ని పరిమితులున్నా, ప్రయాణానికి, సెలవులకు, నెల చివర డేటా అయిపోయే ఇంటికి నేను సూచించేది దీన్నే.

స్క్రీన్ రికార్డర్ సంగతి ఒకసారి ప్రయత్నించి చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. నేను పరీక్షించినప్పుడు రికార్డింగ్ చక్కగా జరుగుతున్నట్లే కనిపించింది, మాటలు స్పష్టంగా వినిపించాయి. ఫైలు తెరిచి చూస్తే బొమ్మ ఉండాల్సిన చోటంతా నల్లటి చదరం, దాని కింద తెల్లటి అక్షరాల్లో సబ్‌టైటిళ్లు మాత్రం ఒకదాని తరువాత ఒకటి వచ్చిపోతున్నాయి. రికార్డర్‌లో లోపం ఏమీ లేదు. రక్షణ ఉన్న వీడియోను గ్రాఫిక్స్ చిప్ ఇతర ప్రోగ్రాములకు అందని ప్రత్యేక దారిలో నేరుగా తెరకు పంపుతుంది; సబ్‌టైటిళ్లు, బటన్లు మామూలు దారిలో వస్తాయి గనుక అవి మాత్రమే చిక్కుతాయి. ఆ నల్లటి చదరమే తాళం. బ్రౌజర్ సెట్టింగులు మార్చి దాన్ని తప్పించుకునే చిట్కాలు ప్రచారంలో ఉన్నాయి. నా దృష్టిలో, నల్ల తెర చూశాక దాన్ని దాటే మార్గం వెతకడమంటే తాళం ఉందని తెలిసి దాన్ని తప్పించుకోవడమే. తెలియక చేశానన్న వాదన ఆ తరువాత నిలవదు. పైగా అలా దొరికే బొమ్మ నాణ్యత కూడా చాలాసార్లు తక్కువే, ఎందుకంటే హార్డ్‌వేర్ రక్షణ లేని మార్గంలో సేవలు ఉద్దేశపూర్వకంగా తక్కువ స్పష్టత గల వీడియోనే పంపుతాయి.

క్యాప్చర్ కార్డుకు అడ్డు వచ్చేది హెచ్‌డీసీపీ. హెచ్‌డీఎంఐ తీగలో వెళ్లే సంకేతాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అవతల ఉన్నది అనుమతి గల తెరేనా అని అది తనిఖీ చేస్తుంది. 4కే ఓటీటీకి సాధారణంగా దాని 2.2 వెర్షన్ కావాలి. చట్టబద్ధంగా అమ్మే క్యాప్చర్ కార్డులు ఆ సంకేతం కనిపించగానే రికార్డింగ్ ఆపేస్తాయి. దాన్ని తొలగించే చిన్న పెట్టెలు మార్కెట్లో దొరుకుతున్నా, వాటిని వాడడమంటే తాళాన్ని నేరుగా పగలగొట్టడమే. సొంత కెమెరా దృశ్యాలకు, సొంత గేమింగ్‌కు క్యాప్చర్ కార్డు మంచి పరికరం. ఓటీటీ కోసం మాత్రం కొనవద్దు.

క్లౌడ్ రికార్డింగ్ అన్న మాట కింద రెండు వేర్వేరు విషయాలు నడుస్తున్నాయి. ఒకటి, చందా తీసుకున్న సంస్థే తన సర్వర్లో కార్యక్రమాన్ని మీ పేరున దాచిపెట్టడం. అమెరికాలో టీవీ ఛానెళ్లను ఇంటర్నెట్‌లో చూపించే యూట్యూబ్ టీవీ ఇలాగే రికార్డింగులను తొమ్మిది నెలలు ఉంచుతుంది. ఇది చట్టబద్ధమే, కానీ డేటా కోణంలో ఉపయోగం లేదు. ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది కాబట్టి చూసిన ప్రతిసారీ కొత్తగా స్ట్రీమ్ చేసినట్టే లెక్క. దాచుకున్నాం కదా అన్న భ్రమలో ఎక్కువసార్లు చూసి నెల కోటాను ముందే ఖాళీ చేసుకునే ప్రమాదం ఇక్కడే ఎక్కువ.

రెండోది, హక్కుదారులతో సంబంధం లేని బయటి సంస్థ మీ బదులు రికార్డు చేసి ఫైలు ఇవ్వడం. రికార్డు చేసేటప్పుడు మీ ఇంటి డేటా ఖర్చు కాదు, ఫైలు దించుకునేటప్పుడు ఒకసారి అవుతుంది. చట్టం దగ్గర మాత్రం ఇది ఇసుక మీద కట్టిన ఇల్లు. రికార్డు బటన్ నొక్కింది చందాదారుడే గనుక కాపీ అతనిదే అన్న వాదనను 2008లో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు కేబుల్‌విజన్ కేసులో ఒప్పుకుంది. ఇంచుమించు అలాంటి వాదనే 2012లో ఆస్ట్రేలియాలో ఆప్టస్ సేవ కేసులో ఓడిపోయింది. కాపీ చేసినవారిలో సంస్థ కూడా ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం తేల్చింది. 2014లో టీవీ ప్రసారాలను చిన్న యాంటెన్నాలతో పట్టి ఇంటర్నెట్ ద్వారా చందాదారులకు పంపిన ఏరియో సేవను అమెరికా సుప్రీంకోర్టు తప్పుబట్టింది, 2017లో ఐరోపా న్యాయస్థానం వీకాస్ట్ కేసులో హక్కుదారుల అనుమతి లేని క్లౌడ్ రికార్డింగ్ సొంత కాపీ మినహాయింపు కిందికి రాదని చెప్పింది. ఇలాంటి సేవకు ఏడాది డబ్బు ముందే కట్టేవారు ఈ చరిత్ర తెలుసుకుని కట్టాలి. మీ ఓటీటీ పాస్‌వర్డును వాళ్లకు ఇవ్వాల్సి రావడం మరో ఇబ్బంది.

ఎక్కువమంది మరచిపోయే మార్గం యాంటెన్నా లేదా సెట్‌టాప్ బాక్సు రికార్డింగ్. మీరు చూడదలచిన కార్యక్రమం మామూలు టీవీలోనూ వస్తుంటే, రికార్డింగ్ సదుపాయం ఉన్న బాక్సుతో దాచుకోవడానికి ఇంటర్నెట్ డేటా ఒక్క బైటు కూడా అక్కర్లేదు. పైన చెప్పిన దేశాల్లో ఇంటి రికార్డింగ్‌కు చట్టం నుంచి ఎక్కువ మద్దతు ఉన్నది కూడా దీనికే, ఎందుకంటే బీటామాక్స్ కేసులోని పరిస్థితికి ఇదే అత్యంత దగ్గరిది. ఒక్క జాగ్రత్త: ఇంట్లో దాచిన రికార్డింగును బయట ఫోనులో చూస్తే ఇంటి కనెక్షన్ నుంచి అప్‌లోడ్ రూపంలోనూ, ఫోనులో డౌన్‌లోడ్ రూపంలోనూ డేటా రెండు చోట్లా ఖర్చవుతుంది. రెండు కనెక్షన్లకూ పరిమితి ఉంటే ఇది అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి.

శాశ్వతంగా ఉంచుకోవాలనుకునేవారు డిస్కు కొనడమే ఉత్తమం. బ్లూరే డిస్కులో 25 లేదా 50 జీబీ స్థలం ఉంటుంది, స్ట్రీమింగ్‌లో సాధారణంగా అంత డేటాతో బొమ్మ రాదు, చూడడానికి డేటా అవసరం లేదు. డిస్కుకు కూడా తాళం ఉంటుంది కాబట్టి దాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయడం మళ్లీ అదే చిక్కుకు దారితీస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. యాప్‌లో కొనుగోలు అని రాసి ఉన్న సినిమాను డిస్కుతో సమానంగా చూడవద్దు. అక్కడ మనం కొనేది సాధారణంగా చూసే అనుమతిని మాత్రమే. ఈ తేడాను అమ్మేటప్పుడే కొనేవారికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి చట్టం అమలు చేస్తోంది. పూర్తిగా దించుకుని, ఇంటర్నెట్ లేకుండా ఎప్పటికీ వాడుకోగల ఫైళ్లకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉండడం ఈ రెండింటి మధ్య తేడాను బాగా చూపిస్తుంది.

తాళం లేనివి కూడా చాలానే ఉన్నాయన్నది మరవకూడదు. కాపీరైట్ గడువు తీరిన పాత చిత్రాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేరుగా దించుకోవడానికి దొరుకుతాయి. విమియోలో వీడియో యజమాని అనుమతిస్తే డౌన్‌లోడ్ బటన్ కనిపిస్తుంది. ఆన్‌లైన్ పాఠాల విషయంలో చెప్పేవారిని అడిగితే ఫైలే పంపడం అరుదేమీ కాదు. అడగకుండా తరగతిని రికార్డు చేస్తే అందులో తోటి విద్యార్థుల ముఖాలు, మాటలు కూడా ఉంటాయి గనుక అది కాపీరైట్‌ను దాటి గోప్యత విషయం అవుతుంది.

ఎవరికి ఏది

ప్రయాణంలో చూడడానికైతే యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, బయలుదేరే ముందు ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ప్రతి ఫైలూ తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూసుకోండి; గడువు ముగిసిన సంగతి దారి మధ్యలో తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు. పిల్లలు తిప్పితిప్పి చూసే రెండు మూడు సినిమాలుంటే వాటికి డిస్కు కొనడం లేదా ఇంట్లో పాత ట్యాబ్లెట్‌ను డౌన్‌లోడ్‌లకే కేటాయించడం మేలు. నెల కోటా చాలని ఇంట్లో ముందు చేయాల్సిన పని, ఖాతాలోని ప్రతి ప్రొఫైల్‌కూ డేటా సెట్టింగును విడివిడిగా చూసి తగ్గించడం. చాలా ఇళ్లలో పెద్దల ప్రొఫైల్ మారుస్తారు, పిల్లల ప్రొఫైల్ హెచ్‌డీలోనే ఉండిపోతుంది. టీవీలో కూడా వచ్చే ఆటల పోటీలకు, వార్తలకు సెట్‌టాప్ రికార్డింగ్ చాలు.

ఇవేవీ కుదరక, తాళం లేని వీడియోను రికార్డు చేయాల్సిన సందర్భం వస్తే మీ దేశపు చట్టం సొంత వాడకాన్ని ఎలా చూస్తుందో, ఆ సేవ నిబంధనలు ఏమంటున్నాయో చదివి చేయండి. ముందుగా అయిదు నిమిషాలు రికార్డు చేసి ఫైలు తెరిచి చూడండి. బొమ్మ వచ్చిందా, రికార్డర్ సెట్టింగు వచ్చే వీడియో వేగానికి దరిదాపుల్లో ఉందా అన్నది అక్కడే తేలుతుంది. నల్లటి చదరం కనిపిస్తే మాత్రం రికార్డర్‌ను మూసేసి యాప్‌లో డౌన్‌లోడ్ బటన్ ఎక్కడుందో వెతకండి.